ఆ పిల్లి కల్లివెల్లి కాలేదు

ఆ రోజుల్లో మా గల్ఫ్ క్యాంపుల్లో ఏ వస్తువుకూ ఒక్క యజమాని అంటూ ఉండేవాడు కాదు. పని ముగించుకుని ఖలాస్ అంటూ ఇంటికి పోయేవాడు తన మంచం ఒకడికి, బకెట్టు ఒకడికి, ఇస్త్రీపెట్టె ఇంకొకడికి అప్పజెప్పి విమానం ఎక్కేవాడు. దీన్ని సామాన్ దాటించడం అనేవాళ్ళం. తీసుకునేవాడు వద్దనకూడదు, అమ్ముకోకూడదు, తన వంతు వచ్చినప్పుడు ఇంకొకడికి దాటించి పోవాలి. బహ్రెయిన్‌లో నేను పడుకున్న మంచం మీద నాకంటే ముందు ఎన్ని వీపులు నిద్రపోయాయో ఆ మంచానికే తెలియాలి. మా ప్రెషర్ కుక్కర్ అడుగు ఒక తరానిది, మూత ఇంకో తరానిది (అందుకే అది ఎప్పుడూ సరిగ్గా కూత పెట్టలేదు, దగ్గేది). ఆ పద్ధతి మంచిదే, ఇప్పటికీ అంటాను. కాకపోతే ఆ పద్ధతిలోనే నేను ఒకసారి ప్రాణమున్న సామాన్‌ను దాటించాను. దాటించి ఊరుకోకుండా దాని మీద ఒక అభాండం కూడా వేశాను. ఆ సంగతే ఇప్పుడు చెప్పాలి.

ఇప్పుడే ఎందుకంటే, మొన్న మా పక్క వాటాలోవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ తమ పిల్లిపిల్లను అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అట్టపెట్టెలో వదిలేసి వెళ్ళారు. మా కరీంనగర్‌లో ఇప్పుడు కుక్కలకు స్వెట్టర్లు అమ్మే దుకాణాలు వచ్చాయి. పిల్లికి జలుబు చేస్తే చూసే డాక్టర్లు వచ్చారు. నా చిన్నప్పుడు కుక్క వీధిది, పిల్లి ఆ పూట ఎవరింట్లో పాలు దొరికితే వాళ్ళది. ఇప్పుడు పెంచుకునేవాళ్ళు పెరిగారు, పెంచుకున్నదాన్ని గేటు దగ్గర పెట్టి పోయేవాళ్ళూ పెరిగారు. మా చిన్నబిడ్డ ఆ పిల్లిపిల్లను ఎత్తుకొచ్చి, "నాన్నా, మనం పెంచుకుందాం" అంది. మా ఆవిడ వంటింట్లోంచే తీర్పు చెప్పింది: "పిల్లికి విశ్వాసం ఉండదే. బహ్రెయిన్ల మీ నాన్న ఎంత మంచిగ సాదినా కల్లివెల్లి కాలేదా? ఆయన్నే అడుగు." బిడ్డ నా వైపు చూసింది. నేను పేపరు వెనక్కి జరిగాను. ఆ రోజంతా నాకు కాలు నిలవలేదు. బాల్కనీలోకీ గదిలోకీ తిరుగుతుంటే, షుగర్ పెరిగిందేమోనని మా ఆవిడ మాత్ర తెచ్చి ఇచ్చింది.

కల్లివెల్లి అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. గల్ఫ్‌లో మనకు వీసా ఇచ్చి, మన పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకునే ఆసామి కఫీల్. ఆయనకు చెప్పకుండా మాయమై బయట ఎక్కడో చాటుగా పని చేసుకునేవాణ్ణి మావాళ్ళు కల్లివెల్లి అంటారు. కఫీల్ పోలీసుల దగ్గరికి పోయి "ఫలానావాడు పారిపోయాడు" అని ఒక్క మాట చెబితే చాలు, వాడి బతుకు అక్కడితో సరి. వాడు నిజంగా పారిపోయాడా, కఫీలే బయటికి నెట్టాడా అని అడిగేవాడు ఉండడు. ఆ మాటంటే మా క్యాంపులో నిద్రలో కూడా ఉలిక్కిపడేవాళ్ళం. అలాంటి మాటను నేను ఒక పిల్లి మీద వేశాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. రిఫాలో ఒక విల్లాల కాంపౌండులో డ్యూటీ. కుళాయి కారితే బిగించడం, చెట్లకు నీళ్ళు పట్టడం, ఎవరు పిలిస్తే వాళ్ళింట్లో సామాన్ జరపడం. పొద్దున్నే కంపెనీ బస్సు సిత్రా క్యాంపు నుంచి తెచ్చి దింపేది, సాయంత్రం తీసుకెళ్ళేది. ఆ కాంపౌండులో రాజమండ్రివాళ్ళు ఒకరుండేవారు. సార్ ఇంజనీరు, మేడం, పదేళ్ళ పాప. ఆ పాపకొక తెల్లపిల్లి. ఒంటినిండా బొచ్చు, చప్పిడి ముక్కు, ముఖంలో ఎప్పుడూ ఎవరి మీదో ఫిర్యాదు ఉన్నట్టుండేది. పేరు జున్ను. సార్‌కు బ్రిడ్జి అవతల, సౌదీ వైపు ఖోబర్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడ కంపెనీ ఇచ్చే ఫ్లాటులో జంతువుల్ని ఉంచుకోనివ్వరట. ఇల్లు సర్దుతున్న రోజున పెట్టెలు దింపడానికి నన్ను పిలిచారు. నా కళ్ళు పెట్టెల మీద లేవు, హాల్లో మూలనున్న పెద్ద కలర్ టీవీ మీద ఉన్నాయి. మా గదిలో ఎనిమిదిమందిమి, వినోదం అంటే పక్క గదివాళ్ళ టీవీని గోడకు చెవి పెట్టి వినడమే.

"టీవీ ఎవరికన్నా ఇస్తున్నరా మేడం?" అని అడిగాను.

"జున్నుని ఎవరు తీసుకుంటే టీవీ వాళ్ళదే బాబూ," అందావిడ. "దానికి ఆ టీవీ మీద పడుకోవడం అలవాటు. వెచ్చగా ఉంటుంది కదా. ఇంకెక్కడ పెట్టినా రాత్రంతా అరుస్తూనే ఉంటుంది."

"నేను తీస్కపోత మేడం," అన్నాను, ఆవిడ మాట పూర్తయ్యేలోపే.

పాప పిల్లిని గుండెకు అదుముకుని నా ముందుకొచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది, కానీ గొంతు మాత్రం ఇన్‌స్పెక్టర్‌ది.

"మీకు పిల్లులంటే ఇష్టమేనా అంకుల్?"

"ఇష్టమే పాపా."

"పాలు పోస్తారా?"

"ఓ, మస్తు పోస్త."

"పొయ్యకూడదు! వీటికి పాలు పడవు, కడుపు పాడవుతుంది. కారం పెట్టకూడదు. రోజూ దువ్వాలి. నీళ్ళు రోజూ మార్చాలి, నిన్నటి నీళ్ళు తాగదు. ఏడాదికోసారి సూది వేయించాలి. మేం శుక్రవారాలు బ్రిడ్జి దాటి వస్తుంటాం, అప్పుడు నేనొచ్చి చూస్తాను. ఒట్టేయండి."

ఎవరి మీద ఒట్టు వేయాలో తోచలేదు. పాప పిల్లి తలను నా ముందుకు చాపింది. దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. మనలో తల మీద ఒట్టేస్తే, ఒట్టు తప్పినప్పుడు ఆ కీడు ఎవరి తలకు తగులుతుందో అందరికీ తెలుసు. పిల్లికి కూడా తెలిసినట్టే ఉంది, నా అరచెయ్యి కింద చెవులు వెనక్కి వంచుకుంది.

ఆ సాయంత్రం మా గదిలో పండగే. టీవీ చూసి ఎగిరారు, పిల్లిని చూసి ఆగారు, పిల్లితో పాటు వచ్చిన బస్తా చూసి కూలబడ్డారు. అది పిల్లి కాలకృత్యాలకు వాడే ఇసుక. దుకాణంలో కొన్నది. మా మెస్సులో వంట చేసే గోదారి బావ (అందరికీ బావే, అతనికి చెల్లెళ్ళు లేరు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు) బస్తాలో చెయ్యి పెట్టి చూసి, "ఇదేం విడ్డూరవండీ బాబూ! ఈ దేశంలో ఇసక కొనుక్కునేవోళ్ళు కూడా ఉన్నారా?" అన్నాడు. మాలో పెద్దవాడు గొల్ల కాక. మెట్‌పల్లి వైపు మనిషి, చిన్నప్పుడు గొర్లు కాసి, పెద్దయ్యాక ఇక్కడ సిమెంటు బస్తాలు కాస్తున్నాడు. ఆయన పిల్లి ముందు గొంతుకూర్చుని నింపాదిగా చూశాడు. "మనం ఇసుక ఎత్తిపోయనీకి సముద్రం దాటి అచ్చినం. ఇదేమో మనతోని ఇసుక మోపిచ్చుకుంటాంది. ఇగ దొర ఎవ్వలో కూలోడు ఎవ్వలో మీరే జెప్పున్రి," అన్నాడు. ఆ మాటతో దానికి మా గదిలో స్థానం ఖాయమైంది.

జున్ను నేరుగా పోయి టీవీ మీదెక్కి తోక కిందికి వేలాడదీసి పడుకుంది. ఆ తోక సరిగ్గా తెర మధ్యకు వచ్చేది. వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని సినిమా వేసుకుంటే, హీరోయిన్ ఏడుస్తున్నప్పుడల్లా ఆ తోక అటూ ఇటూ ఊగి ఆమె కన్నీళ్ళు తుడుస్తున్నట్టుండేది. విలన్ వచ్చినప్పుడు మాత్రం కదిలేది కాదు. తోక జరపడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఒకసారి బావ జరపబోయి మణికట్టు మీద గీతలు తెచ్చుకున్నాడు. మేమే మెడలు వంచుకుని తోకకు అటు సగం, ఇటు సగం సినిమా చూడటం నేర్చుకున్నాం.

మొదట్లో పాప చెప్పినవన్నీ చేశాను. దువ్వాను, నీళ్ళు మార్చాను. తర్వాత ఓవర్‌టైం వచ్చింది, ఎండాకాలం వచ్చింది. మేము డ్యూటీకి పోగానే గదుల ఏసీలు కట్టేయించడం క్యాంప్ బాస్ రివాజు. మేం పొద్దంతా ఎండలో పనిచేసి వచ్చేవాళ్ళం కాబట్టి, గదిలో మూసి ఉంచిన పిల్లికి ఏం కష్టమనేది నాకు తట్టనేలేదు. సాయంత్రం వచ్చేసరికి అది స్నానాల గదిలో తడి గచ్చు మీద నాలుక బయటపెట్టి సాగిలబడి ఉండేది. దువ్వక బొచ్చంతా ఉండలు కట్టింది. ఒకరోజు గొల్ల కాక దాని ఒంటి మీద చెయ్యివేసి, "తమ్మీ, ఇది గిట్లుంటే సస్తది. గొర్రెకు ఎండాకాలం ముందే బొచ్చు కత్తిరిస్తం. గొర్రెకున్న బుద్ధి దీన్ని సాదేటోనికి ఉండొద్దా?" అన్నాడు. ఆ శుక్రవారం కాక కత్తెర పట్టాడు. ఇద్దరం కాళ్ళు పట్టుకున్నాం, బావ తల దగ్గర నిలబడి జోలపాట పాడాడు. పని పూర్తయ్యేసరికి తలకాయ ఒకటి, తోక చివర కుచ్చు ఒకటి మిగిలాయి. మధ్యలో ఉన్నదంతా ఉడికించిన బంగాళాదుంప. పిల్లి ప్రాణం మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంది, ఆ రాత్రి రెండింతలు తిన్నది. పాప వచ్చి దీన్ని చూస్తే ఏమంటుందోనని మొదటిసారి శుక్రవారాలు లెక్కపెట్టుకున్నాను.

అసలు గండం ఇంకో వైపు నుంచి వచ్చింది. బొచ్చు పోయి ఒళ్ళు తేలికైన జున్ను తలుపు సందులోంచి జారిపోయి, మెస్సులో క్యాంప్ బాస్ చుట్టాల కోసం బావ వేయించి పెట్టిన చేప ముక్కల మధ్య కూర్చుంది. బాస్ మా గదికి వచ్చి గుమ్మం దగ్గరే అరిచాడు: "యే క్యాంప్ హై, చిడియాఘర్ నహీ హై! బిల్లీ ఖలాస్! జుమ్మా తక్ బాహర్!" అంటే ఇది క్యాంపు, జంతుప్రదర్శనశాల కాదు, శుక్రవారంలోగా పిల్లి బయటికి పోవాలి అని.

పిల్లి పోవడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఎవరికైనా దాటిద్దాం, సామాన్ కదా అన్నాను. కానీ గొల్ల కాక బీడీ ఆర్పి, "పిల్లిని దాటిస్తే టీవీని సుత దాటియ్యాలె," అన్నాడు.

బావ లేచి టీవీ గొంతు తగ్గించాడు.

"అదేంటి కాకా! టీవీ మనకిచ్చింది గదా!" అన్నాడు బావ.

"మనకియ్యలే. పిల్లికిచ్చిండ్రు. అది పండుకునే జాగ అని ఇచ్చిండ్రు. టీవీ పిల్లిది. ఇన్నొద్దులు మనం పిల్లి టీవీ సూస్తున్నం."

"పిల్లికి టీవీ ఏంటండీ? అదేవన్నా వార్తలు చూస్తదా?"

"నీ మంచం నీదా? నీదెట్లయిందో జెప్పు. మాట మీదనే గదా అయింది. మరి గిదీ మాటే."

కాక అన్నది న్యాయమే. సామాన్ పద్ధతి నిలబడేదే మాట మీద. అది అందరికీ అర్థమైంది కాబట్టే అందరూ నా వైపు చూశారు. టీవీ మాట ఎత్తకుండా పిల్లిని నెమ్మదిగా దాటించెయ్యమన్న చూపులవి. నేను ఆ చూపులకు ఎదురు చెప్పలేదు. నాకూ అదే కావాలి గనక.

మా కాంపౌండుకు రెండు సందుల అవతల ఒక బహ్రెయినీ ఇంట్లో పాలకొల్లు అక్క ఇంటిపని చేసేది. సెలవు దొరికితే గోంగూర పచ్చడి సీసా ఇచ్చి పంపే మనిషి. శుక్రవారం జున్నును చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో కూర్చోబెట్టుకుని ఆమె పని చేసే ఇంటి వెనక గేటు దగ్గరికి పోయాను. పెట్టె తెరిచి చూసి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంట్రా తమ్ముడూ, ఇది పిల్లా, గొర్రెపిల్లా? ఎవడ్రా దీనికి గుండు కొట్టించింది?"

"ఎండకని కత్తిరిచ్చినం అక్కా. క్యాంపుల ఉండనిస్తలేరు. నువ్వు సాదుకుంటవా?"

"మా మామాకి పిల్లులంటే పిచ్చి," అంది అక్క. (అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు.) "ఉండనిస్తాది. దీనికేవన్నా అలవాట్లున్నాయా?"

ఆ ప్రశ్న ఇప్పటికీ నాకు గుర్తుంది. "పాలు పొయ్యద్దు, నీళ్ళు రోజు మార్చాలె," అన్నాను. టీవీ సంగతి చెప్పలేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి బస్సెక్కాను. వెనక గోడ అవతల నుంచి జున్ను అరుపు చాలాసేపు వినపడింది, లేదా నాకే అలా అనిపించింది.

ఇక అక్కడి నుంచి నాకు శాంతి లేదు. శుక్రవారం వచ్చిందంటే కూర్చోలేను, పడుకోలేను. క్యాంపు గేటు దగ్గర ఏ కారు ఆగినా లేచి నిలబడేవాణ్ణి. హారన్ మోగితే బట్టలు ఉతికే బకెట్టులో చెయ్యి అలాగే ఉండిపోయేది. కొన్నాళ్ళకు ఒక శుక్రవారం ఆ కారు నిజంగానే వచ్చింది. సార్ స్టీరింగు దగ్గరే కూర్చున్నారు, మేడం అద్దం దించి నవ్వింది, పాప పిల్లి తిండి డబ్బా ఒకటి రెండు చేతులా పట్టుకుని దిగింది.

"జున్ను ఏది అంకుల్?"

రిఫాలో ఉంది అని ఒక్క మాట అంటే చాలు, కారు అటు తిరిగేది. కానీ ఆ మాట వెనకే ఇంకో ప్రశ్న ఉంది: మరి టీవీ? మా గది కిటికీలోంచి సరిగ్గా అప్పుడే టీవీలో ఎవరో పాట ఎత్తుకున్నారు. నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"పారిపోయింది పాపా. కల్లివెల్లి అయింది."

"పారిపోదు," అంది పాప. ఏడవలేదు. "జున్ను తలుపు తీసి ఉన్నా పోదు. దానికి బయటంటే భయం. మీరు వెతికారా?"

"ఎతికినం పాపా, అంతట ఎతికినం."

"మళ్ళీ వెతుకుదాం."

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, చెవులూ కాలతాయి. పదేళ్ళ పిల్ల మా గదివాళ్ళందరినీ బయటికి పిలిచి, నువ్వు అటు, నువ్వు ఇటు అని పంచింది. సిత్రాలో ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆ రోజు దూరంగా ఉన్న ఆయిల్ ట్యాంకులు కూడా గాలిలో వణుకుతున్నాయి. పిల్లి రిఫాలో ఏసీ గదిలో పడుకుని ఉందని తెలిసిన పెద్దమనుషులం, పికప్‌ల కింద పాకుతున్నాం, ఖాళీ డ్రమ్ముల్లోకి వంగి చూస్తున్నాం, ఇనుప చువ్వల వెనక చప్పరిస్తూ పిలుస్తున్నాం. "జున్నూ! జున్నూ!" బావ గొంతు అన్నిటికంటే ఎక్కువగా వినపడింది, నాటకాల్లో వేషాలు కట్టిన గొంతు అది. "అమ్మా జున్నూ, నీకోసం వంజరం ముక్క దాచానే తల్లీ!" అని పాడాడు. పక్క గదిలో ఉండే పెషావరీ డ్రైవర్ భాయ్ బయటికి వచ్చి, ఎవరో పాపం కొత్త కుర్రాడు ఎండకు మతిపోయి ఎటో పోయాడనుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ప్రహరీ చుట్టూ పరుగెత్తాడు. పిల్లి అని చెప్పాక కూడా ఆగలేదు. "ఛోటీ బచ్చీ కా హై నా," అన్నాడు, చిన్నపిల్లది కదా అని. ఆ రోజు ఆ క్యాంపులో నిజంగా వెతికింది ఇద్దరే, ఆ పాప, ఆ భాయ్. గొల్ల కాక మాత్రం వెతకలేదు. గది అరుగు మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. నేను ఏ డ్రమ్ము వెనక్కి పోయినా ఆ చూపు అక్కడికి వస్తోంది.

చివరికి సార్ హారన్ కొట్టారు. పాప చెమటతో తడిసిపోయింది. క్యాంపు గేటు పక్కన నీడ చూసి, తన డబ్బా మూత తీసి అక్కడ పెట్టింది. ఇంకో గిన్నె అడిగి తెప్పించుకుని నీళ్ళు పోసింది.

"ఆకలేస్తే వస్తుంది. వచ్చేదాకా నీళ్ళు రోజూ మారుస్తారా అంకుల్? నిన్నటివి తాగదు."

"మారుస్త పాపా."

ఈసారి ఒట్టు అడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేదో.

కారు పోయాక కాక నా దగ్గరికొచ్చి, "కఫీల్ అయినవ్ తమ్మీ," అన్నాడు. "అసలు కఫీల్ లెక్కనే జేసినవ్." ఆ పేరు అక్కడే పుట్టింది. మా ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ నన్ను పిల్లి కఫీల్ అంటారు, అదేదో ముద్దుపేరనుకుంటారు.

మర్నాడు డ్యూటీకి పోతూ ఆ గిన్నె చూశాను. పోయి బస్సులో కూర్చున్నాను. మళ్ళీ దిగి, నిన్నటి నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోసి ఎక్కాను. డ్రైవర్ యల్లా యల్లా అని తొందరపెట్టాడు. ఆ తర్వాత రోజూ అదే. రాని పిల్లికి, రాదని తెలిసిన పిల్లికి నీళ్ళు మార్చాను. చెయ్యకపోతే రోజంతా కుదురుండేది కాదు, చేస్తే కూడా ఉండేది కాదు. ఇంతలో సిత్రాలో ఉన్న ఊరపిల్లులకు ఈ సంగతి చేరింది. ముందు ఒక గుడ్డి పిల్లి వచ్చింది, తర్వాత చెవి తెగినది, ఆ తర్వాత కడుపుతో ఉన్నది చుట్టపక్కాలతో సహా వచ్చింది. బావ తిట్టుకుంటూనే కారం కలపకముందు చేప తలకాయలు తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్క పిల్లిని వెళ్ళగొట్టిన క్యాంప్ బాస్‌కు గేటు దగ్గర దర్బారు కనపడింది. గిన్నెను తన్నబోయాడు. పెషావరీ భాయ్ అడ్డం నిలబడి, "బచ్చీ కా అమానత్ హై," అన్నాడు. నమ్మి అప్పగించిన సొత్తు అని. భాయ్ అంటే బాస్‌కు భయం, ఊరుకున్నాడు. నేను తలెత్తలేకపోయాను.

కాలం గడిచి ఎండలు తగ్గాక ఆ కారు ఇంకొక్కసారి వచ్చింది. నేను స్నానం చేస్తున్నాను. గొంతు వినపడి లుంగీతోనే పరుగెత్తుకొచ్చాను. పాప గేటు దగ్గర గొంతుకూర్చుని గిన్నెలో వేలు ముంచి చూస్తోంది. చుట్టూ ఊరపిల్లులు. జున్ను వచ్చిందా అని అడగలేదు. లేచి, "థాంక్యూ అంకుల్. నీళ్ళు మార్చారు," అంది. వాళ్ళు ఖోబర్ నుంచి ఇంకా దూరం వెళ్ళిపోతున్నారట. చెప్పాలని నోరు తెరిచాను. నీళ్ళు కారుతున్న తలతో, లుంగీ ఒక చేత్తో పట్టుకుని, రిఫా అన్నాను. "రిఫా వెళ్తున్నామా అని అడుగుతున్నావా బాబూ? ఆఁ, అటే పోతాం," అంది మేడం నవ్వుతూ. కారు కదిలింది. పిలవొచ్చు, పిలవలేదు. ఆ గోడ పక్కన ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, తల ఆరిపోయింది.

టీవీ సంగతి చెప్పాలి కదా. పిల్లి పోయిన కొన్నాళ్ళకే బొమ్మ పోయింది. గొంతు మాత్రం మిగిలింది. తోక అడ్డం లేని తెర ముందు ఎనిమిదిమందిమి కూర్చుని దాన్ని రేడియోలాగా విన్నాం. "ఇప్పుడు హాయిగా ఉందా? చూడండి, ఎంత ఖాళీగా ఉందో!" అనేవాడు బావ. కాక ఇంటికి పోయే రోజున తన మంచం, పెట్టె, కత్తెర అన్నీ దాటించాడు. "టీవీ?" అని ఎవరో అడిగితే, "అది నాది గాదు, ఇచ్చే హక్కు నాకు లేదు," అని నా వైపు చూసి వెళ్ళిపోయాడు.

జున్ను మాత్రం నిక్షేపంగా ఉంది. ఒట్టు దాని తలకు తగల్లేదు. అక్క దగ్గరికి పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. బొచ్చు తిరిగి పెరిగింది, ముఖంలో పాత ఫిర్యాదు అలాగే ఉంది. ఆ ఇంట్లో టీవీ మీద కాదు, మామా ప్రార్థన చాప మీద పడుకునేది. ఆవిడ దాన్ని లేపకుండా పక్కన ఇంకో చాప పరుచుకునేదట. నేను పిలిస్తే తిరిగి చూసేది కాదు. "నిన్ను చూస్తే ఎందుకురా దానికంత పొగరు?" అనేది అక్క. నాకు తెలుసు. పారిపోయిందని తన మీద ప్రచారం చేసినవాణ్ణి ఎవరు పలకరిస్తారు?

మొన్న రాత్రి అన్నాల దగ్గర ఇదంతా చెప్పేశాను. మా బిడ్డ ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసి విన్నది. ఆఖరికి మా ఆవిడ కంచంలో పెరుగు వేస్తూ, "అంటే కల్లివెల్లి అయింది పిల్లి కాదన్నట్టు. నువ్వు," అంది. అని, వంటింట్లోకి పోయి ఒక పాత స్టీలు గిన్నె వెతికి తెచ్చి నా ముందు పెట్టింది. నీళ్ళు మార్చే పని నాదేనన్నమాట.

పిల్లిపిల్లకు పేరు ఇంకా కుదరలేదు. బిడ్డ రోజుకొకటి పెడుతోంది. సూది వేయించాం. పాలు పొయ్యడం లేదు. టీవీ ఇప్పుడు గోడకు అతుక్కుని పలకలాగా ఉంటుంది, పడుకోవడానికి చోటు లేదు, అందుకని నా పేపరు మీద పడుకుంటోంది. పొద్దున్నే లేచి నిన్నటి నీళ్ళు పారబోసి కొత్తవి పోసేటప్పుడు, తల మీంచి నీళ్ళు కారుతూ లుంగీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళ కఫీల్ కనిపిస్తాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. పిలవరా, కారు ఇంకా మలుపు తిరగలేదు అని చెప్పాలనిపిస్తుంది.